ఈ ఆదివారం వేరొకరిది

జూన్ 8, సోమవారం

బావకి,

బావమరిది రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మోకాలు ఒక్కటే బాగాలేదు. అది ఎప్పుడూ బాగుండదు కాబట్టి దాని సంగతి వదిలెయ్.

నిన్న అక్కని చూసి వచ్చాను.

ఆ మాట విడిగా ఎందుకు రాశానంటే, అక్కడ ఒక్క నిమిషం ఆగి నువ్వు నన్ను తిట్టుకోవాలని. తిట్టుకున్నావా? సరే, ఇక చదువు.

పక్షవాతం వచ్చినవాళ్ళకి మాట తెప్పించే ఆసుపత్రి అన్నారు, నీ ఊరికీ నా ఊరికీ దూరమైనా ఒప్పుకున్నాం. తప్పు చెయ్యలేదు బావా. శుభ్రంగా ఉంది. వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో రోడ్డు వైపు పెద్ద కిటికీ ఉంది. గేటు, గేటు దగ్గర బస్టాపు, అన్నీ కనపడతాయి. కిటికీ పక్కన రెండు కుర్చీలు. ఒకదాంట్లో అక్క. రెండోది మనకి. అక్క కుడిచెయ్యి కొంచెం లేస్తోంది. మూతి ఇంకా పక్కకే ఉంది.

నన్ను చూసి నోరు తెరిచింది. నెలన్నర తరవాత మొదటి మాట. "తమ్ముడూ" అంది. అంతే, ఇంకేం అనలేదు. చాలు నాకు.

ఇప్పుడు నీ పని. ఫోనులో చెబితే నువ్వు "ఊఁ" అంటావు, ఇంజను పక్కన ముప్పై ఏళ్ళు నిలబడ్డ నా చెవికి ఆ "ఊఁ" కూడా వినపడదు. అందుకని రాస్తున్నాను. వారానికి ఒక్కరే, ఆదివారం, ఒక్క గంట. పేరు లేకపోతే గేటు దాటనివ్వరు. పేరు ఆసుపత్రి వెబ్‌సైటులో రాసుకోవాలి. గురువారం పొద్దున పదింటికి పేజీ తెరుచుకుంటుంది. అక్క నంబరు, నీ పేరు, నీ కార్డు నంబరు, జ్వరముందా, దగ్గుందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని పద్దెనిమిది ప్రశ్నలు. చివర కొన్ని వంకర అక్షరాలు చూపిస్తారు, అవి చూసి కొట్టాలి. అంతా పది నిమిషాల్లో అయిపోవాలి. నా కళ్ళకి పొర వచ్చింది కదా, భూతద్దం పెట్టుకుని తొమ్మిది నిమిషాల్లో అవగొట్టాను. స్టాపుకీ స్టాపుకీ మధ్య అరవై టికెట్లు కొట్టిన చెయ్యి బావా ఇది!

ఈ వారం నీ వంతు. నేను ఫోను ముట్టుకోను. ఆ పై వారం నాది. బోర్డు రాసినట్టు గీత గీతకీ వెనక్కి జరిగి చూసుకుంటూ కూర్చోకు, బస్సు వెళ్ళిపోతుంది.

రైట్ రైట్.

నీ బావమరిది


జూన్ 15

బావమరిదికి,

క్షేమం. ఉత్తరం అందింది.

నిన్న వెళ్ళి వచ్చాను. మా వీధి చివర గ్రంథాలయంలో కంప్యూటరు ఉంది. అక్కడి గుమాస్తా అమ్మాయిని అడిగాను. అడగడానికి మూడు రోజులు పట్టింది. ఉత్తరం అందిన మంగళవారమే వెళ్ళి పేపరు చదివి వచ్చేశాను. బుధవారం కూడా చదివాను. గురువారం అడిగాను. ఆవిడ ఏడు నిమిషాల్లో చేసిపెట్టింది. చివర ఆ వంకర అక్షరాలు నేనూ చూశాను. అలాంటి అక్షరాలు నేను రాసుంటే షాపువాడు కింద నిచ్చెన లాగేసేవాడు.

మీ అక్క బాగానే ఉంది. నాతోనూ మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. అదంతా రాయడం నాకు చేతకాదు.

మూల మీద మందుల షాపుకి ముప్పై ఏళ్ళ కిందట నేను రాసిన బోర్డు దింపేశారు. ఫ్లెక్సీ కట్టారు. పాత బోర్డు అడిగి తెచ్చుకున్నాను. వరండాలో గోడకి ఆనించాను.

ఉంటాను.

బావ


జూన్ 19

బావకి,

చాలాసేపా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాతో ఒక్క మాట, నీతో చాలాసేపు. నెలన్నర నోరు లేవని మనిషి వారం తిరిగేసరికి కబుర్లు చెప్పిందన్నమాట. అదీ ఎవరితో? ఇల్లు తగలబడుతుంటే "కొంచెం పొగ వస్తోంది" అనే మనిషితో! బాగుంది. నాకు సంతోషమే. నిజంగానే సంతోషం. ఏం మాట్లాడిందో నాలుగు ముక్కలు రాస్తే ఇంకా సంతోషించేవాణ్ణి. నా గురించి ఏమన్నా అడిగిందా? అడిగే ఉంటుంది. నువ్వు రాయవు.

సరే, అసలు సంగతికి వస్తాను. నిన్న గురువారం. నా వంతు. పదికి అయిదు నిమిషాల ముందే ఫోను, భూతద్దం, మోకాలి కింద దిండు, అన్నీ సర్దుకున్నాను. పేజీ తెరుచుకుంది. రాస్తున్నాను. ఎండ కిటికీలోంచి ఫోను మీద పడుతోంటే అక్షరాలు కనపడక లేచి అటు తిరిగి కూర్చున్నాను. పన్నెండో ప్రశ్న దగ్గర పేజీ మొత్తం తెల్లబడిపోయింది. "మీ సమయం ముగిసింది." అంతే. ముందు ఒక్క మాట చెప్పలేదు బావా. మా డొక్కు బస్సు కూడా కదిలేముందు రెండు ఈలలు వేసేది. రాసిన పదకొండు జవాబులూ పోయాయి.

మళ్ళీ తెరిచాను. ఏముందో తెలుసా? "ఈ ఆదివారం వేరొకరికి ఇవ్వబడింది."

వేరొకరు! ఆసుపత్రిలో అక్క పేరు కింద రాసిచ్చిన పేర్లు రెండు. ఒకటి నాది. రెండోది ఎవరిదో నీకు తెలుసు. టికెట్ తెగిందంటే ఎవరో ఒకరు ఎక్కినట్టే, ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇది తప్పలేదు.

క్యూలో మోచేత్తో తోసుకుని ముందుకొచ్చేవాళ్ళని చాలామందిని చూశాను. మా బావ తోస్తాడని అనుకోలేదు. అంత కబుర్లు చెప్పించుకున్నవాడివి, ఒక్క వారం ఆగలేకపోయావా?

నీ బావమరిది


జూన్ 23

బావమరిదికి,

ఉత్తరం అందింది.

నేను తీసుకోలేదు.

గురువారం కంప్యూటరు ముందు కూర్చున్న మాట నిజం. వంతు అని నువ్వు రాశావు. నేను ఒప్పుకోలేదు. పెళ్ళాన్ని చూడ్డానికి వంతేమిటి? కానీ నాకు దొరకలేదు.

పదింటికి తెరిస్తే "వేరొకరికి ఇవ్వబడింది" అని ఉంది. వేరొకరంటే ఎవరు? కూర్చున్నాను. పది నిమిషాల తరవాత తెరుచుకుంది. రాయడం మొదలుపెట్టాను. గుమాస్తా అమ్మాయి పక్క బల్ల దగ్గరే ఉంది. ఒకసారి అడిగాను కదా, మళ్ళీ అడగడం నా వల్ల కాలేదు. చెయ్యి వణుకుతుంది. ఒక అక్షరం నొక్కితే రెండు పడతాయి. రెండోది చెరపాలి. చెరపబోతే మొదటిదీ పోతుంది. తొమ్మిదో ప్రశ్నకి వచ్చేసరికి అంతా తెల్లబడింది. మళ్ళీ తెరిచాను. మళ్ళీ "వేరొకరు". గ్రంథాలయం కంప్యూటరు ఒకరికి అరగంటే ఇస్తారు. లేచి వచ్చేశాను.

నువ్వు తీసుకుని నన్ను అంటున్నావు. యాభై ఏళ్ళు బోర్డులు రాశాను. లేని షాపుకి ఒక్క బోర్డు రాయలేదు. రాసి ఉందంటే ఉన్నట్టే.

వెళ్ళావు, చూశావు. చూశానని రాస్తే నేనేం చేస్తాను? దాచడం ఎందుకు.

బావ


జూన్ 26

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. తమరి ఉత్తరం చేరింది.

తమరు తీసుకోలేదు. నేను తీసుకోలేదు. అంటే అక్క ఎదురు కుర్చీలో ఆసుపత్రి వాచ్‌మన్ వచ్చి కూర్చున్నాడన్నమాట. పోనీలెండి, అతనికైనా కబుర్లు చెప్పి ఉంటుంది.

నిన్న మళ్ళీ గురువారం. మళ్ళీ అదే కథ. మొదటిసారి తెల్లబడింది. రెండోసారి "వేరొకరు". పావుగంట ఆగి మూడోసారి తెరిచాను, దొరికింది, పద్నాలుగో ప్రశ్న దాకా వెళ్ళాను, మళ్ళీ తెల్లబడింది. ఫోను మంచం మీదకి విసిరాను. గోడకేసి కొట్టలేదు, అది నా మంచితనం. మా పాత డ్రైవరు, నాతో ఇరవై ఏళ్ళు తిరిగినవాడు, పక్కనే ఉన్నాడు. "మీ బావ చూడ్డానికి నెమ్మదస్తుడు. నెమ్మదిగా నడిపేవాళ్ళే దారివ్వరు" అన్నాడు. నేను కాదనలేదు.

బావగారూ, ఒక్కటి రాస్తాను. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. తల దువ్వినా, చొక్కా ఉతికినా, బడికి తోసినా అక్కే. మీకు ఆవిడ భార్య. నాకు ఆవిడ ఇల్లు. మీరు మొగుడు కాబట్టి అన్ని ఆదివారాలూ మీవే అంటే నేను చెయ్యగలిగిందేం లేదు. కానీ అబద్ధం ఎందుకు?

ఈ మధ్య ఇంకేం మాటలు పలికిందో అదైనా రాయండి. ప్రతివారం చూస్తున్నది మీరే కదా.

ఇట్లు,
బావమరిది


జులై 3

బావమరిదికి,

మీరు అని రాశావు. యాభై అయిదేళ్ళలో మొదటిసారి.

నాకు ఉత్తరాలు రాయడం రాదు. మా ఊరి బడిలో అయిదో తరగతితో ఆగాను. అయినా ఇవాళ రాయాలి.

పెళ్ళినాటి ఫొటో గోడమీదుంది. రోజూ చూస్తాను. అందులో మేమిద్దరం కూర్చున్నాం. మా మధ్య నువ్వు. నీకు తొమ్మిదేళ్ళు. ఫొటో తీసేవాడు పక్కకి జరగమన్నాడు. నువ్వు జరగలేదు. మీ అక్క జరగనివ్వలేదు. నీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నా చేతిలో ఏం లేదు. నువ్వు అప్పుడు కూర్చున్నావు. ఇంకా లేవలేదు.

మా ఇంట్లో పెద్ద కంచం నీది. నువ్వు ఏడాదికి రెండుసార్లు వస్తావు. నేను రోజూ చిన్న కంచంలో తింటాను. నీ ఉద్యోగం వచ్చిన రోజు మీ అక్క వీధంతా చెప్పింది. నేను పెద్ద సినిమాహాలుకి బోర్డు రాసిన రోజు "నిచ్చెన జాగ్రత్త" అంది. అంతే.

నేనేమీ అనలేదు ఇన్నేళ్ళు. నాకు మాట రాదు కాబట్టి నాకేమీ ఉండదని మీరందరూ అనుకున్నారు.

నిన్న కూడా గ్రంథాలయానికి వెళ్ళాను. పదికే దొరికింది. పేరు, నంబర్లు అయ్యాయి. వణుకు ఎక్కువైంది. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని నొక్కాను. నిచ్చెన మీద అలాగే కర్రకి ఆనించుకుని రాసేవాణ్ణి. పదిహేనో ప్రశ్న. ఇంక మూడే. తెల్లబడింది. మళ్ళీ తెరిస్తే నువ్వు. "వేరొకరు" అని రాసి ఉంది, నాకు అది నీ పేరులాగే కనపడుతోంది.

మొదటి మాట నీకే అంది. సరే. ఇక నేను గురువారాలు వెళ్ళను. అన్నీ నువ్వే తీసుకో.

జవాబు వద్దు.

బావ


జులై 7, మంగళవారం

బావమరిదికి,

జవాబు వద్దన్నాను. నేనే మళ్ళీ రాస్తున్నాను.

ఇది పోస్టులో వెయ్యడం లేదు. బస్టాండుకి వెళ్ళి మీ ఊరి బస్సు కండక్టరుకి ఇస్తాను. నువ్వెవరో చెబితే తెస్తాడనుకుంటాను. అతన్ని అడగాలి. అడుగుతాను.

నిన్న ఆసుపత్రి నుంచి బస్సులో ఉత్తరం వచ్చింది. మాటలు నేర్పే టీచరమ్మ రాసింది. ఉన్నదున్నట్టు కింద రాస్తున్నాను.

"అయ్యా, మీ ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. గత మూడు ఆదివారాలు, అంటే జూన్ 21, 28, జులై 5, మీవాళ్ళెవరూ రాలేదు. వస్తారేమోనని ప్రతిసారీ ఆవిణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. ఆవిడే దువ్వెన సైగతో అడిగి తీసుకుని ఎడమచేత్తో తల దువ్వుకున్నారు. మొదటి వారం గంటసేపూ గేటు వైపు చూశారు. రెండో వారమూ చూశారు. నిన్న, కుర్చీ గోడవైపు తిప్పమని చేత్తో సైగ చేశారు. తిప్పాం. సాధనకి కూడా నోరు తెరవడం లేదు. మీలో ఒకరు రాగలిగితే మంచిది."

చదివావా? నేను చాలాసార్లు చదివాను.

నువ్వు వెళ్ళలేదు. నేను వెళ్ళలేదు. నువ్వు నిజమే రాశావు. నేను కూడా.

ఆ కాగితం పట్టుకుని గ్రంథాలయానికి వెళ్ళాను. గుమాస్తా అమ్మాయికి ఇచ్చాను. చదువుకోమని చూపించాను. మన గురువారాల సంగతి ఆవిడే ఒక్కొక్కటీ అడిగి రాబట్టింది. అప్పుడు తెలిసింది. ఆ పేజీ ఎవరు ముందు తెరిస్తే ఆదివారాన్ని పది నిమిషాలు వాళ్ళకోసం పట్టి ఉంచుతుందట. ఆ పది నిమిషాలూ రెండోవాడికి "వేరొకరికి ఇవ్వబడింది" అని చూపిస్తుందట. ఇవ్వలేదు. ఇవ్వబోతోంది, అంతే. మొదటివాడు పూర్తి చెయ్యకపోతే చెరిపేసి రెండోవాడికి ఇస్తుంది, వాడు పేజీ తెరిచి వదిలేసి లేచిపోయినా సరే. అప్పుడు మొదటివాడికి "వేరొకరు". నువ్వు రాస్తుంటే నాకు తలుపు మూసింది. నేను రాస్తుంటే నీకు మూసింది. ఇద్దరమూ పూర్తి చెయ్యలేదు. ఇద్దరమూ తిట్టుకుని లేచి వెళ్ళిపోయాం. ఆ తరవాత రోజంతా ఆదివారం ఖాళీగానే ఉంది. పదకొండింటికి చూసినా దొరికేది. మనం చూడలేదు.

నేను బోర్డుని నమ్మాను. నిన్ను నమ్మలేదు. అక్కడ లేని షాపుకి బోర్డు రాశారు.

గుమాస్తా అమ్మాయి ఇంకొకటి చూపించింది. వెబ్‌సైట్లు అందరికీ పనికొచ్చేలా ఎలా కట్టాలో రాసిన నియమాలు ఉన్నాయట. వణికే చేతులవాళ్ళకీ, కళ్ళు ఆననివాళ్ళకీ, మెల్లగా చదివేవాళ్ళకీ. అంటే నాకూ నీకూ. మనలాంటివాళ్ళుంటారని ఎవరో ముందే కూర్చుని ఆలోచించారు. ఆ నియమాలు కాగితం మీద తీసి ఇచ్చింది. అవి చూసుకుంటూ ఆసుపత్రికి ఉత్తరం రాశాను. వేసేశాను. ఇలా రాశాను.

"అయ్యా, నేను బోర్డులు రాసేవాణ్ణి. తొందరపెడితే ఏ అక్షరమూ నిలబడదు. మీ పేజీ పది నిమిషాలకి చెప్పకుండా మూసేస్తోంది. మూసేముందు అడగాలని నియమాల్లో ఉంది. అడిగాక జవాబు చెప్పడానికి ఇరవై సెకన్లన్నా ఇవ్వాలనీ, ఒక్క మీట నొక్కితే సమయం పెరగాలనీ, అలా పదిసార్లయినా పెంచుకోనివ్వాలనీ ఉంది. పంపేముందు తప్పులు సరిచూసుకోనివ్వాలని ఉంది. రాసింది చెరపొద్దని నేను అడుగుతున్నాను. ఇంకొకరు రాస్తున్నప్పుడు, రాస్తున్నారు అని రాయండి. ఇచ్చేశాం అని రాయకండి. ఆ ఒక్క మాట వల్ల మా ఇంట్లో మూడు వారాలు పోయాయి."

నా జన్మలో రాసిన పెద్ద ఉత్తరం అదే. ఇది రెండోది.

ఇంకొకటి చెప్పాలి. జూన్ 14న మీ అక్క నాతో మాట్లాడలేదు. ఒక్క మాట కూడా. గంటసేపు నా చొక్కా గుండీ చూస్తూ కూర్చుంది. నీతో మాట్లాడింది, నాతో మాట్లాడలేదు. ఆ కడుపుమంటతో అలా రాశాను. తరవాత వంతు లేకుండా గురువారం వెళ్ళింది కూడా అందుకే. ఒక్క మాట వినాలని. నేను ఆగుంటే జూన్ 21న నువ్వు వెళ్ళేవాడివి. ఆ కుర్చీ తిరిగేది కాదు.

ఈ గురువారం నేను ముట్టుకోను. నువ్వు వెళ్ళు. నిన్ను చూస్తే మాట్లాడుతుంది.

బావ


జులై 8, బుధవారం

బావా,

నీ ఉత్తరం రాత్రి బస్సులో వచ్చింది. కండక్టరు కుర్రాడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "మీ బావగారు నా సంచీ తాడు పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడ్డారండీ, బస్సు కదిలాక గానీ ఉత్తరం అని చెప్పలేదు" అన్నాడు. నవ్వబోయాను. తరవాత చదివాను.

కుర్చీ గోడవైపు తిప్పించుకుందా?

బావా, అక్క మనసు కష్టపడితే గోడవైపు తిరిగి పడుకునేది. నేను బడి మానేసిన రోజు అలాగే పడుకుంది. అప్పుడు కూడా కారణం నేనే.

ఇదిగో, నీ అబద్ధానికి నా దగ్గర జోడీ ఉంది. "తమ్ముడూ" అని నాతో అనలేదు. ఆ రోజు లోపలికి వెళ్ళగానే నన్ను చూసింది. చెయ్యి పట్టుకుంది, అది నిజం. తరవాత నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది. నోరు తెరవడానికి చాలా కష్టపడింది. "ఏరీ?" అంది. నేను ఎదురుగానే ఉన్నాను. నన్ను ఎందుకు వెతుకుతుంది? అయినా నన్ను ఏనాడైనా "రు" పెట్టి పిలిచిందా?

నెలన్నర తరవాత మొదటి మాట. పదహారు గంటలు ఆసుపత్రి బెంచీల మీద నేనూ కూర్చున్నాను, పేజీలో తొమ్మిది నిమిషాలు కళ్ళు పొడుచుకున్నదీ నేనే, అడిగింది నిన్ను. నాకు ఒళ్ళు మండింది. అరవై నాలుగేళ్ళవాణ్ణి, సిగ్గు లేకుండా బస్సులో దారి పొడుగునా ఆ మాట మార్చుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి "తమ్ముడూ" అయింది. నీకు అదే రాశాను.

ఆ పెద్ద కంచం సంగతి నాకు తెలియదు బావా. నాకు తెలిసిందేమిటంటే, నేను వచ్చినప్పుడల్లా నువ్వు అడగకుండానే మంచినీళ్ళు నీ పక్కన ఉండేవి. నేను అడిగితే అక్క, "లేచి తెచ్చుకో" అనేది.

ఫొటోలో జరగనందుకు క్షమించు. అప్పుడు జరిగితే ఆవిడ్ని నువ్వు తీసుకుపోతావని భయం. జరగకపోయినా తీసుకుపోయావు.

రేపు నేను ఫోను ముట్టుకోను. డ్రైవరు చేతికిచ్చి బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నాను. నువ్వు కూర్చో. గుమాస్తా అమ్మాయిని అడుగు. ఈసారి పేపరు చదవడానికి మూడు రోజులు లేవు, తలుపు తియ్యగానే అడుగు.

ఇది కూడా బస్సులోనే పంపుతున్నాను. కండక్టరుకి చెప్పాను, మా బావ మాట్లాడడు, నువ్వే మాట్లాడు అని.

నీ బావమరిది


జులై 13, సోమవారం

బావమరిదికి,

క్షేమం.

గురువారం తలుపు తియ్యగానే అడిగాను. ఆవిడ అప్పటికే కంప్యూటరు పెట్టి కూర్చుంది. ఆరు నిమిషాలు.

నిన్న వెళ్ళాను. మీ అక్క కుర్చీ గోడవైపే ఉంది. నేను ముందుకి వెళ్ళి నిలబడ్డాను. చూసింది. చాలాసేపు చూసింది. నేను కుర్చీ పట్టుకుని కిటికీ వైపు తిప్పబోయాను. బరువుగా ఉంది. వణుకు. టీచరమ్మ వస్తానంది, వద్దన్నాను. మెల్లగా తిప్పాను.

రెండో కుర్చీలో కూర్చున్నాను. "పేజీ వల్ల రాలేకపోయాం" అన్నాను. ఏమర్థమైందో. నా చెయ్యి పట్టుకుంది. వణుకుతున్న చెయ్యి. పట్టుకున్నాక తగ్గింది.

తరవాత నా వెనక తలుపు వైపు చూసింది. నోరు కదిపింది. మూతి పక్కకి పోతే చేత్తో సర్దుకుంది. అప్పుడు అంది.

"ఏడీ?"

నన్ను కాదు. నేను ఎదురుగా ఉన్నాను.

అబద్ధం రాయను. ఒళ్ళు మండింది. నాలుగు గంటల ప్రయాణంలో మూడు గంటలు మండింది. నువ్వు మాట మార్చుకున్నావన్నావు. నాకు మార్చడం కూడా రాలేదు. ఇంటికొచ్చి పెద్ద కంచంలో తిన్నాను. ఏమీ తేడా లేదు.

పేజీ మార్చారట. నా ఉత్తరం టీచరమ్మే ఆఫీసుకి తీసుకెళ్ళి చదివి వినిపించిందట. మూడు వారాలు మీ అక్క కూర్చుంది. మార్పుకి ఒక్క పూట పట్టింది. టీచరమ్మ తన ఫోనులో చూపించింది. ఎనిమిది నిమిషాలకి చిన్న పెట్టె వస్తుంది. "ఇంకా సమయం కావాలా?" అని ఉంటుంది. ఒక్కసారి నొక్కితే చాలు, మళ్ళీ పది నిమిషాలు. రాసింది ఎక్కడికీ పోదు. నిచ్చెన కింద నిలబడి ఎవరో "మెల్లగానే కానివ్వండి" అన్నట్టు ఉంది. యాభై ఏళ్ళలో ఏ షాపువాడూ అలా అనలేదు. ఈ గురువారం అడిగితే నొక్కు. సిగ్గుపడకు. పదిసార్ల దాకా అడగొచ్చు.

ఈ ఆదివారం నీ వంతు. వంతుకి ఒప్పుకున్నాను. లోపలికి ఒక్కరే. గేటు బయటికి నియమం లేదని వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకున్నాను. నేనే అడిగాను.

నేను పదకొండింటికి బస్టాపు దగ్గర నిలబడతాను. నిన్ను చూస్తుంది. తరవాత నీ భుజం మీదుగా తలుపు వైపు చూస్తుంది. "ఏరీ?" అంటుంది. ఈసారి మాట మార్చకు. కిటికీ చూపించు. నేను చెయ్యి ఊపుతాను. ఎలాగూ ఊగేదే.

కుర్చీ మళ్ళీ గోడవైపు ఉంటే మెల్లగా తిప్పు. బరువుంది.

బావ